మూడు డాలర్ల గీతకి అటూ ఇటూ

2025 జూన్‌లో ఒక్కరోజులో ప్రపంచంలో 12.5 కోట్ల మంది కొత్తగా కటిక పేదల లెక్కలో చేరిపోయారు. వాళ్ల సంపాదన తగ్గలేదు, పంటలు ఎండిపోలేదు, వరదలూ రాలేదు. ప్రపంచ బ్యాంకు గీత జరిపింది, అంతే. అప్పటిదాకా రోజుకి 2.15 డాలర్లుగా ఉన్న అంతర్జాతీయ పేదరిక రేఖని 3 డాలర్లు చేశారు. గీత పైకి జరిగితే దాని కింద ఉండేవాళ్ల సంఖ్య పెరుగుతుంది కదా. ఆ వార్త రాగానే "చూశారా, పేదరికం తగ్గిందన్నదంతా బూటకం" అని కొందరు, "ఈ లెక్కలన్నీ కాకిలెక్కలే" అని ఇంకొందరు మొదలుపెట్టారు. రెండూ తప్పే. అయితే ఎందుకు తప్పో చెప్పాలంటే ఆ గీత ఎలా గీస్తారో కొంచెం చెప్పుకోవాలి, బోర్ కొట్టినా ఓపిక పట్టండి.

1990 ప్రాంతంలో మార్టిన్ రావాలియన్ అనే ఆర్థికవేత్త, ఆయన సహచరులు ఒక చిన్న పని చేశారు. బాగా పేద దేశాలు తమ జనంలో ఎవరిని పేదలుగా లెక్కపెట్టాలో తేల్చడానికి సొంతంగా గీసుకున్న రేఖలన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. వాటిలో చాలావరకు రోజుకి ఒక డాలరు చుట్టుపక్కలే ఉన్నాయి. అదే 'రోజుకి డాలరు' గీత అయింది. తర్వాత ధరల లెక్కలు మారినప్పుడల్లా 2008లో 1.25, 2015లో 1.90, 2022లో 2.15, ఇప్పుడు 3. ఈసారి పెరిగింది ధరల వల్ల మాత్రమే కాదు. పేద దేశాలే తమ రేఖల్ని పైకి జరుపుకున్నాయి, ఇళ్ల ఖర్చుల సర్వేలు కూడా మెరుగయ్యాయి. అంటే కటిక పేదరికం అనేదానికి ఆ దేశాలు ఇచ్చుకునే అర్థమే కాస్త ఉదారంగా మారింది. నాకైతే ఇది మంచి మార్పే అనిపించింది.

ఇంకో సంగతి. ఆ మూడు డాలర్లు మనీ ఎక్స్‌ఛేంజ్ కౌంటర్లో మార్చుకునే డాలర్లు కావు. అమెరికాలో మూడు డాలర్లు పెడితే ఎంత సరుకు వస్తుందో, అంత సరుకు తన దేశంలో కొనుక్కోడానికి సరిపడే డబ్బు అన్నమాట. "ఆ దేశాల్లో అన్నీ చవక కదా, మూడు డాలర్లతో హాయిగా బతకొచ్చు" అని తెలివిగా మాట్లాడేవాళ్లు ప్రతి చర్చలోనూ ఒకరు దొరుకుతారు. ఆ చవకని లెక్కలో ముందే కలిపేశారు బాబూ. అమెరికాలో రోజంతా మూడు డాలర్లతో గడిపేయమంటే ఎలా ఉంటుందో అలాంటి బతుకు అది, తిండి, బట్ట, మందులు, బస్సు అన్నీ అందులోనే.

గీత ఎక్కడ పెట్టినా మొత్తం కథ మాత్రం మారదు. ఈ కొత్త మూడు డాలర్ల గీతతోనే చూసినా 1990లో ప్రపంచంలో ప్రతి వందమందిలో నలభైమందికి పైగా కింద ఉండేవాళ్లు. ఇప్పుడు పదిమంది, అంటే సుమారు 80 కోట్లు. ఒక తరంలో ఇంత తగ్గడం చిన్న విషయం కాదు, బూటకమూ కాదు. అయితే ఇందులో సింహభాగం చైనాది. నాలుగు దశాబ్దాల్లో దాదాపు 80 కోట్ల మంది అక్కడ కటిక పేదరికం దాటారు. వ్యవసాయంలో సంస్కరణలు, తర్వాత ఫ్యాక్టరీలు, ఊళ్ల నుంచి పట్నాలకి కోట్లమంది తరలివెళ్లడం. అలాంటి ఊపు మళ్లీ రావాలంటే ఇంకో చైనా కావాలి. అది లేదు. ఇవాళ కటిక పేదల్లో మూడింట రెండు వంతుల మంది సహారాకి దిగువన ఉన్న ఆఫ్రికాలో ఉన్నారు, ప్రపంచ జనాభాలో ఆ ప్రాంతం వాటా 16 శాతమే అయినా సరే. వాళ్లలో చాలామందివి యుద్ధాలతోనో, కూలిపోయిన ప్రభుత్వాలతోనో సతమతమయ్యే దేశాలు. అందుకే గత పదేళ్లుగా ఈ తగ్గుదల బాగా నెమ్మదించింది.

సరే, ఇదంతా గీత గురించి. అసలు నాకు చిరాకు తెప్పించేది వేరే ఉంది. ఈ గీత పేదరికాన్ని ఒక ఫొటోలా చూపిస్తుంది. ఆ రోజున ఎవరు కింద, ఎవరు పైన. పేదరికం ఫొటోలో దొరికే సరుకు కాదు. కింద ఉన్నవాళ్లలో కొందరు పైకి వస్తుంటారు, అదే సమయంలో పైన ఉన్నవాళ్లు కొందరు కిందికి జారుతుంటారు. మనకి కనిపించేది ఈ రెండింటి తేడా మాత్రమే. అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు కెన్యా, ఉగాండా, పెరూ, ఇండియా లాంటి చోట్ల ఊరూరా తిరిగి, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, పాతికేళ్ల కిందట ఏ ఇల్లు ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, మధ్యలో ఏం జరిగింది అని ఇల్లిల్లూ అడిగించాడు. పైకొచ్చిన ఇళ్లు ఉన్నాయి, చితికిపోయిన ఇళ్లూ ఉన్నాయి. చితికిపోవడానికి దాదాపు ప్రతిచోటా మొదట వినిపించిన కారణం జబ్బు. సోమరితనమో తాగుడో కాదు. ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడటం, వైద్యానికి అప్పు, అప్పుకి వడ్డీ, వడ్డీకి ఉన్న కాస్త నేలో పశువో అమ్మడం. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటామే, ఇది సరిగ్గా అదే.

రోజుకి మూడు డాలర్లు అనే మాటే ఒక రకంగా మోసం చేస్తుంది. రోజూ సాయంత్రానికి చేతిలో మూడు డాలర్లు పడవు ఎవరికీ. ఒకరోజు ఎనిమిది వస్తాయి, తర్వాత నాలుగు రోజులు ఏమీ రావు, పంట చేతికొచ్చిన నెలలో కొంచెం గలగలలాడతాయి, నాట్లకీ కోతలకీ మధ్య నెలల్లో పొయ్యి వెలగదు. సగటు తీస్తే మూడు. కాబట్టి డబ్బు తక్కువ అనేది ఒక సమస్య, ఎప్పుడొస్తుందో తెలీకపోవడం ఇంకో సమస్య, వచ్చినప్పుడు దాన్ని దాచుకునే చోటు లేకపోవడం మూడోది. ఈ మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఘానాలో సుసు కలెక్టర్లని ఉంటారు. సంతలో అమ్ముకునే ఆవిడ దగ్గరికి ఆ మనిషి రోజూ వచ్చి కొంత చిల్లర తీసుకుని కార్డు మీద టిక్ పెట్టుకుని వెళ్తాడు. నెలాఖరున ఆ డబ్బంతా తిరిగి ఇస్తాడు, ఒక్కరోజు మొత్తం మాత్రం తన ఫీజుగా ఉంచుకుంటాడు. అంటే ముప్ఫై రోజులు దాచుకుంటే ఇరవై తొమ్మిది రోజుల డబ్బు చేతికొస్తుంది. మనకి బ్యాంకు వడ్డీ అర శాతం తగ్గితే గగ్గోలు పెడతాం, ఆవిడ దాచుకోడానికి ఎదురు డబ్బు కడుతోంది, అదీ సంతోషంగా, ఎందుకంటే ఇంట్లో పెడితే ఆ డబ్బు మిగలదని ఆవిడకి తెలుసు. ఏ చుట్టమో అడుగుతాడు, ఏ పిల్లాడికో జ్వరం వస్తుంది. "వాళ్లకి పొదుపు తెలీదండీ" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ కార్డు మీది టిక్కులు గుర్తొస్తాయి.

ఇక పైకి లాగడం సంగతి. ఒకప్పుడు మైక్రో క్రెడిట్ అంటే సర్వరోగ నివారిణి. బంగ్లాదేశ్‌లో ఈ చిన్న అప్పులు మొదలుపెట్టిన మహమ్మద్ యూనస్‌కీ, ఆయన గ్రామీణ్ బ్యాంకుకీ 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, ఆ రోజుల్లో చిన్న అప్పుతో పేదరికం మ్యూజియంలోకి వెళ్లిపోతుందన్నంత హడావుడి. 2015లో ఇండియా, మొరాకో, మంగోలియా, మెక్సికో, ఇథియోపియా, బోస్నియా అని ఆరు దేశాల్లో చేసిన పెద్ద అధ్యయనాలు ఒకేసారి బయటికొచ్చాయి. తేలిందేమిటంటే, నష్టమేం లేదు, కొందరికి వెసులుబాటు దొరికింది, కానీ సగటున ఆదాయం చెప్పుకోదగ్గంత పెరగలేదు. అదే ఏడాది ఇంకో అధ్యయనం వచ్చింది, దానికి అంత ప్రచారం దక్కలేదు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 2002లో మొదలుపెట్టిన పద్ధతిని ఇథియోపియా, ఘానా, హోండురస్, ఇండియా, పాకిస్తాన్, పెరూల్లో పదివేల మందికి పైగా జనంతో పరీక్షించారు. పద్ధతి ఏమిటంటే, ఊళ్లో అందరికంటే పేద ఇళ్లని ఊరివాళ్ల చేతే గుర్తింపజేసి, ఒక ఆవో మేకలో కోళ్లో ఉచితంగా ఇస్తారు. అప్పు కాదు, ఇచ్చేస్తారు. ఆ ఆవు పాలిచ్చేలోపు ఆకలేసి దాన్ని అమ్ముకోకుండా కొన్ని నెలలు తిండి ఖర్చు ఇస్తారు. పశువుని ఎలా చూసుకోవాలో నేర్పిస్తారు, పొదుపు ఖాతా తెరిపిస్తారు, వారం వారం ఒక మనిషి వచ్చి ఎలా ఉన్నారమ్మా అని పలకరించి వెళ్తాడు. రెండేళ్ల తర్వాత అన్నీ ఆపేస్తారు. ఆపేసిన ఏడాదికి చూసినా ఎక్కువ దేశాల్లో ఆ ఇళ్లు తేరుకునే ఉన్నాయి.

హోండురస్‌లో మాత్రం బెడిసికొట్టింది. అక్కడ చాలామంది కోళ్లు ఎంచుకున్నారు, జబ్బు వచ్చి చాలా కోళ్లు చచ్చిపోయాయి. ఇది నాకు ఆ అధ్యయనం మొత్తంలో అన్నింటికంటే నిజాయితీగా అనిపించిన ముక్క. ఎంత పకడ్బందీగా ప్లాన్ చేసినా చివరికి కోడి బతికితేనే కదా.

అదే బ్రాక్ వాళ్ల ఇళ్లని బంగ్లాదేశ్‌లో పదకొండేళ్లపాటు వెంబడించిన పరిశోధన ఇంకోటుంది. ఒకే విలువ ఉన్న ఆవుని అందరికీ ఇచ్చారు. ఆవు రాకముందే కొద్దోగొప్పో ఆస్తి ఉన్నవాళ్లు, అంటే ఒక బండో కొట్టమో ఉన్నవాళ్లు, ఆవు వచ్చాక ఒక హద్దు దాటి ఏటేటా ఇంకాస్త పైకి వెళ్లారు. ఆ హద్దుకి కాస్త దిగువన ఆగిపోయినవాళ్లు మెల్లగా మళ్లీ మొదటికే జారారు. రెండు గుంపుల్లోనూ కష్టపడేవాళ్లే, తెలివితేటల్లోనూ పెద్ద తేడా లేదు. పాలు ఉన్నాయి, అవి అమ్మకానికి చేరేసే బండి లేదు. అంతే తేడా. అంటే సాయం హద్దుకి కాస్త తక్కువగా ఇస్తే, ఇచ్చింది కూడా చాలావరకు వృథా. ఇది వింటే ప్రభుత్వాలకి నచ్చదు, ఎందుకంటే ఎక్కడైనా అలవాటు ఏమిటి, ఉన్న డబ్బుని వీలైనంత ఎక్కువమందికి తలా పిడికెడు పంచడం. ఓట్ల లెక్కలో అది సబబే అయ్యుండొచ్చు. హద్దు దాటించే లెక్కలో మాత్రం అటు ఏడుగురిని ఒడ్డు చేర్చడం, ఇటు డెబ్భైమందికి నీళ్లలో ఉండగానే చేయి ఊపడం.

నగదు ఇస్తే తాగేస్తారనే వాదన మీద ఎక్కువసేపు గడపను. డబ్బు బదిలీ పథకాల మీద వచ్చిన పంతొమ్మిది అధ్యయనాల్ని ప్రపంచ బ్యాంకు పరిశోధకులు ఒకచోట పెట్టి చూస్తే మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగినట్టు తేలలేదు. అయిపోయింది ఆ వాదన. దానికంటే ఆసక్తిగా ఉండేది కెన్యా పశ్చిమాన సియాయా కౌంటీలో జరిగింది. పదివేలకి పైగా ఇళ్లకి ఒక్కోదానికి సుమారు వెయ్యి డాలర్లు, ఏ షరతూ లేకుండా ఇచ్చారు. ధరలు మండిపోతాయని అందరి భయం. పెరిగింది దాదాపు 0.1 శాతం. డబ్బు అందని పక్కింటివాళ్ల ఖర్చూ ఆదాయమూ కూడా పెరిగాయి, ఎందుకంటే అందినవాళ్లు రేకులు కొన్నారు, మేస్త్రీని పిలిచారు, కొట్లో సరుకు తీసుకున్నారు. ఇచ్చిన ప్రతి డాలరుకీ ఆ ప్రాంతంలో దాదాపు రెండున్నర డాలర్ల ఆర్థిక కార్యకలాపం జరిగిందని లెక్క తేలింది. తర్వాత అవే ఊళ్లలో పిల్లల లెక్కలు తీస్తే, డబ్బు అందిన ఇళ్లలో ఏడాది లోపు శిశువుల మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. సగానికి!

అయితే చిన్నగా పనిచేసింది పెద్దగా చేస్తే కూడా పనిచేస్తుందని గ్యారంటీ లేదు. ఉత్తర బంగ్లాదేశ్‌లో రంగపూర్ ప్రాంతంలో పంటకి ముందు నెలల్ని మొంగా అంటారు, పని ఉండదు, తిండి ఉండదు. 2008లో అక్కడ సుమారు ఎనిమిదిన్నర డాలర్లు, అంటే పట్నానికి వెళ్లిరావడానికి బస్సు ఖర్చు ఇచ్చి చూశారు. చాలా ఇళ్ల నుంచి ఒకరు వెళ్లి పని చేసుకుని డబ్బు పంపారు, ఇంట్లో తిండి పెరిగింది, మరుసటి ఏడాది ఏమీ ఇవ్వకపోయినా చాలామంది మళ్లీ వెళ్లారు. అద్భుతం అనుకుని దాన్ని లక్షల ఇళ్లకి పెంచబోతే 2017లో ఫలితం మాయం. డబ్బు ఇచ్చినా వెళ్లేవాళ్ల సంఖ్య పెరగలేదు. దాన్ని నడిపిన సంస్థ 2019లో కార్యక్రమాన్ని మూసేసి, ఆ సంగతి బహిరంగంగా రాసి పెట్టింది. ఇలా రాసిపెట్టే సంస్థలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

జారకుండా పట్టుకోవడం గురించి ఇందాక వదిలేశాను. నా లెక్కలో పైకి లాగడం కంటే ఇదే చవక. థాయ్‌లాండ్ 2001-02లో ఆసుపత్రికి వెళ్తే ముప్ఫై బాత్‌లు (బాత్ అంటే అక్కడి కరెన్సీ) కడితే చాలు అనే పథకం తెచ్చింది, అప్పటికి ఆ దేశం ధనిక దేశమేమీ కాదు, కొద్దేళ్ల ముందే 1997 ఆర్థిక సంక్షోభంలో బొక్కబోర్లా పడింది కూడా. వైద్యం ఖర్చుతో పేదలైపోయే కుటుంబాల సంఖ్య ఆ తర్వాత బాగా పడిపోయింది. 2020లో కోవిడ్ ఒక్క ఏడాదిలో ప్రపంచంలో సుమారు 7 కోట్ల మందిని కటిక పేదరికంలోకి తోసేసింది. అదే ఏడాది బ్రెజిల్‌లో పేదరికం తగ్గింది, అవును తగ్గింది, ఎందుకంటే ప్రభుత్వం ఆరున్నర కోట్ల మందికి పైగా జనానికి నేరుగా నెలనెలా డబ్బు వేసింది. అంత త్వరగా ఎలా వేయగలిగారంటే 2003 నుంచి బోల్సా ఫామిలియా అనే నగదు సాయం పథకం నడుపుతూ పేద కుటుంబాల జాబితాలు ముందే చేతిలో ఉంచుకున్నారు కాబట్టి. ఆపద వచ్చాక జాబితా రాయడం మొదలెడితే ఎప్పటికి అందేను?

ఇప్పుడు అసమానత. 'పేదరికం తగ్గితే చాలు, కోటీశ్వరుల గోల మనకెందుకు' అనే మాటలో కొంత న్యాయం ఉంది, నేనూ దాన్ని పూర్తిగా కొట్టిపారేయను. కానీ పైన చెప్పిన ఆవుకీ ఆసుపత్రికీ జాబితాకీ డబ్బు ఎవరో కట్టాలి. 2022 ప్రపంచ అసమానత నివేదిక ప్రకారం ప్రపంచ సంపదలో 76 శాతం పైనున్న పది శాతం మంది చేతుల్లో ఉంది, కింది సగం జనానికి దక్కింది 2 శాతం. కింది సగం మీద పన్ను వేసి వాళ్లు జారిపడకుండా పట్టుకునే వల కట్టడం కుదరదు, వల కట్టడానికి వాళ్ల దగ్గర ఏముందని? పైనున్నవాళ్ల దగ్గర వసూలు చేద్దామంటే డబ్బు సరిహద్దులు దాటిపోతుంది. 2021లో 130కి పైగా దేశాలు పెద్ద కంపెనీల లాభాల మీద కనీసం 15 శాతం పన్ను అని ఒప్పుకున్నాయి, ఆ ఒప్పందానికి అప్పుడే చిల్లులు పడ్డాయి, 2025లో జీ7 దేశాలు అమెరికా కంపెనీలకి మినహాయింపు ఇచ్చే దారి పట్టాయి. మరోపక్క పేద ప్రభుత్వాలు అప్పుల్లో మునిగి ఉన్నాయి. వైద్యం మీదో చదువు మీదో పెట్టేదానికంటే వడ్డీలకే ఎక్కువ కట్టే దేశాల్లో ప్రపంచవ్యాప్తంగా 340 కోట్ల మంది బతుకుతున్నారని 2025లో ఐక్యరాజ్యసమితి లెక్క. ధనిక దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని 1970లోనే ఐక్యరాజ్యసమితిలో తీర్మానం చేశారు. ఇప్పటికీ ఆ మాట నిలబెట్టుకున్న దేశాల్ని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, పైగా 2024 నుంచి మొత్తం సాయం తగ్గుముఖం పట్టింది.

దేశాల లోపలి అసమానత గురించే మనం ఎక్కువ మాట్లాడతాం. బ్రాంకో మిలనోవిచ్ అనే ఆర్థికవేత్త ఏళ్లతరబడి చూపిస్తున్నదేమిటంటే, ఒక మనిషి ఆదాయం ఎంతుంటుందో సగానికి పైగా అతను ఏ దేశంలో పుట్టాడు అనే ఒక్క విషయమే తేల్చేస్తుంది. అదే పని, అదే చేతులు, సరిహద్దు దాటితే జీతం నాలుగింతలో అయిదింతలో అవుతుంది. అందుకే జనం వెళ్తారు, అడ్డుకున్నా వెళ్తారు, వెళ్లి ఇంటికి పంపుతారు. 2023లో పేద, మధ్యాదాయ దేశాలకి ఇలా వచ్చిన డబ్బు సుమారు 65,600 కోట్ల డాలర్లు. ప్రపంచంలోని ప్రభుత్వాలన్నీ కలిపి ఇచ్చిన అధికారిక సాయానికి ఇది దాదాపు మూడింతలు.

ఆ డబ్బు పంపడానికి 200 డాలర్లకి సగటున 6 శాతానికి పైగా ఫీజు పోతోంది, ఆఫ్రికా దేశాలకి పంపేటప్పుడు ఇంకా ఎక్కువ. 2030కల్లా దీన్ని 3 శాతం లోపుకి తెస్తామని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. దీనికి విరాళాలు అక్కర్లేదు, కొత్త పరిశోధనలు అక్కర్లేదు, ఎవరి మీదా పన్ను కూడా వేయక్కర్లేదు. చాలా దేశాల్లో పోస్టాఫీసులూ బ్యాంకులూ ఒకే ఒక్క మనీ ట్రాన్స్‌ఫర్ కంపెనీతో ఎక్స్‌క్లూజివ్ ఒప్పందాలు చేసుకుని కూర్చున్నాయి, వాటిని రద్దు చేసి, మారకపు రేటులో దాచే మార్జిన్‌ని రసీదు మీద ముందే చూపించాలని రూల్ పెట్టి, మొబైల్ వాలెట్లకి లైసెన్సులు ఇస్తే చాలావరకు పని జరుగుతుంది. దానికే ఇన్నేళ్లుగా మీటింగులు జరుగుతున్నాయి.